ఒకే ఖర్చుకు పోల్చి చూశారా? ఒక పరిశోధనా ప్రసంగం, నా అనుభవం

ప్రసంగానికి ఇరవై అయిదు నిమిషాలు, ప్రశ్నలకు అయిదు నిమిషాలు అని ఆ ఉత్తరంలో రాసి ఉంది. సాంఖ్యకశాస్త్రం, ఆప్టిమైజేషన్, సమాచార శాస్త్రం అనే మూడు విషయాల మీద ఒడిశాలోని బరంపురంలో రెండు రోజుల పాటు జరిగే పరిశోధనా ప్రసంగాలలో నాకూ ఒక వంతు దొరికింది. పర్లాకిమిడిలో పద్దెనిమిదేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెబుతున్నాను కనుక గంటసేపు మాట్లాడడం నాకు కొత్త కాదు. అయితే తరగతిలో చెప్పేది ఎవరో ఎప్పుడో తేల్చిన విషయం, వినేవారు దానిని మొదటిసారి వింటున్న పిల్లలు. ఇక్కడ చెప్పవలసింది నేను సొంతంగా చేసిన పని, వినేవారు నాకంటే ఎక్కువ తెలిసినవారు. ఉత్తరం వచ్చిన రోజున కలిగిన సంతోషం రెండు రోజులే నిలిచింది. మూడో రోజు నుంచి భయం మొదలైంది.

నేను తీసుకున్న విషయం చాలా పాతది. ఒక జిల్లాలోని కుటుంబాలన్నింటినీ అడగడం సాధ్యం కానప్పుడు, వాటిని కొన్ని వర్గాలుగా విడదీసి, ఒక్కో వర్గం నుంచి కొన్ని కుటుంబాలను లాటరీ పద్ధతిలో ఎంచుకుని అడుగుతాం. పాఠ్యపుస్తకాలలో దీనిని స్తరిత ప్రతిచయనం అంటారు, మేము తరగతిలో స్ట్రాటిఫైడ్ శాంప్లింగ్ అనే అంటాం. ఏ వర్గం నుంచి ఎన్ని కుటుంబాలను తీసుకోవాలన్నదే అందులోని చిక్కు. గజపతి జిల్లాలో తిరిగినవాడికి ఇది కాగితం మీది చిక్కు కాదు. పర్లాకిమిడి పట్టణంలో నీటి విషయానికి వస్తే ఒక వీధికీ మరో వీధికీ పెద్ద తేడా ఉండదు. కాశీనగర్ వైపు వంశధార ఒడ్డున ఉన్న పల్లెల్లో కొంత తేడా కనిపిస్తుంది. గుమ్మ, నువాగడ వైపు కొండల మీది సవర గ్రామాలకు వెళితే, ఒక ఊళ్లో ఇంటి వెనకే ఊట ఉంటుంది, పక్క ఊళ్లో బిందె నెత్తిన పెట్టుకుని లోయలోకి దిగి మళ్లీ ఎక్కాలి.

చాలా ఏళ్ల కిందట తాగునీటి మీద జరిగిన ఒక సర్వేలో నేను పర్యవేక్షకుడిగా పనిచేశాను. అందులో కుటుంబాల సంఖ్యను బట్టి నమూనాను పంచారు. కొండ ప్రాంతానికి వచ్చిన వాటా ఎంత చిన్నదంటే, రెండు ఊళ్లు తిరిగేసరికి అది పూర్తయింది. ఆ రెండు ఊళ్లకూ ఊటలు దగ్గర. చివరికి నివేదికలో కొండల మీద నీటి ఇబ్బంది అంతగా లేదన్నట్టు వచ్చింది. ఆ కాగితాల మీద సంతకం చేసినవారిలో నేనూ ఒకడిని. ఈ పని మొదలుపెట్టడానికి కారణం అదే కనుక, తర్వాత జరిగింది చెప్పే ముందు దీనిని చెప్పకుండా ఉండలేను.

ఈ చిక్కుకు జవాబు 1934లోనే ఉంది. సాంఖ్యకుడు యెర్జీ నేమన్ లండన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఎదుట చదివిన పత్రంలో ఆ సూత్రం కనిపిస్తుంది. అంతకు ముందే 1923లో రష్యన్ సాంఖ్యకుడు చుప్రోవ్ దానిని కనుక్కున్నారని తెలిశాక, ఆ ఘనత ఆయనదేనని నేమన్ ఒప్పుకున్నారు. సూత్రం చిన్నదే. ఒక్కో వర్గంలోని కుటుంబాల సంఖ్యను ఆ వర్గపు క్రమవిచలనంతో గుణించి, వచ్చిన లబ్ధాల నిష్పత్తిలో నమూనాను పంచాలి. క్రమవిచలనమంటే ఆ వర్గంలో కుటుంబానికీ కుటుంబానికీ ఉన్న తేడాకు కొలత. పెద్ద వర్గం నుంచి ఎక్కువ తీసుకోవాలన్నది అందరికీ తోస్తుంది, చిన్నదైనా లోపల తేడాలు ఎక్కువగా ఉన్న వర్గం నుంచి కూడా ఎక్కువ తీసుకోవాలన్నది సూత్రం చెప్పే కొత్త మాట. నా సొంత పని దాని తర్వాతి మెట్టు మీద ఉంది. క్రమవిచలనాలు ముందుగా ఎవరికీ తెలియవు. కొద్దిపాటి కుటుంబాలతో ఒక ముందస్తు సర్వే చేసి వాటిని అంచనా వేసుకుంటే, ఆ అంచనాలోని తప్పు వల్ల పంపకం ఎంతవరకు చెడుతుందన్నది నేను లెక్క కట్టిన విషయం.

మొదటి పని సారాంశం రాసి పంపడం. రెండు వందల మాటలు మించకూడదన్నారు. నేను రాసినది ఏడు వందలు దాటింది. తగ్గించడానికి కూర్చున్నప్పుడు, అందులో సగానికి పైగా ఇతరులు చేసిన పనుల జాబితా ఉందని, నేను చేసినది చివరి మూడు వాక్యాలలో ఇరుక్కుని ఉందని కనిపించింది. ఆ మూడు వాక్యాలను ముందుకు తెచ్చి, తక్కినవి కొట్టేశాను. దీనికి ఒక సాయంత్రం సరిపోయింది.

స్లైడ్ల సంగతి అలా తేలలేదు. మొదటిసారి చేసినవి నలభై ఆరు. అందులో నాలుగు చరిత్రకు సంబంధించినవి, వాటి మీద నాకు మమకారం. ఒకదాని మీద సాంఖ్యకుడు మహలనోబిస్ గారు 1926 నాటి బ్రాహ్మణి నది వరదల మీద చేసిన పని గురించి రాసుకున్నాను. నది అడుగు మట్టం పెరిగిపోవడం వల్లనే వరద వచ్చిందని, కనుక కరకట్టలు ఎత్తు చేయాలని అప్పటి ఇంజినీర్ల సంఘం భావించింది. మహలనోబిస్ సుమారు అరవై ఏళ్ల వానల లెక్కలూ వరదల లెక్కలూ ముందు పెట్టుకుని, మట్టం చెప్పుకోదగినంతగా పెరగలేదని, అసలు కారణం ఎగువన పడిన వానలేనని, నీటిని పైననే ఆనకట్టలతో ఆపాలని చూపించారు. మరో స్లైడు మీద సి.ఆర్.రావు గారి 1945 నాటి పత్రం గురించి రాశాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి కలకత్తా వెళ్లిన ఆయన, పాతికేళ్ల లోపు వయసులో రాసిన ఆ పత్రంలో, నిష్పాక్షికమైన, అంటే సగటున అసలు విలువకే చేరే, ఏ అంచనా అయినా ఒక హద్దును మించి కచ్చితంగా ఉండజాలదని, ఆ హద్దును నిర్ణయించేది దత్తాంశంలో ఉన్న సమాచారమేనని నిరూపించారు. సమాచారం అనే మాటకు సాంఖ్యకశాస్త్రంలో ఉన్న బరువు తెలియాలంటే ఇది చెప్పి తీరాలని నా పట్టుదల.

ఈ నలభై ఆరు స్లైడ్లనూ పట్టుకుని, ఎమ్మెస్సీలో నాకు పాఠం చెప్పి ఎప్పుడో రిటైరైన మా మాస్టారి దగ్గరికి వెళ్లాను. ఆయన మహేంద్రతనయ ఏటి వైపు ఉన్న వీధిలో ఉంటారు. ఎనభై దగ్గర పడుతున్నా వీధి అరుగు మీద ఒక నల్లబల్ల ఆనించి ఉంచుతారు. పన్నెండో స్లైడు దాకా ఓపికగా చూసి, కంప్యూటర్ మూత తన చేత్తోనే వేసేశారు.

“కరెంటు పోయిందనుకో. ఈ సుద్దముక్క ఒక్కటే ఉంది. ఇప్పుడు చెప్పు, నాయనా,” అన్నారు.

షరతుకు లోబడి కనిష్ఠాన్ని వెతికే లగ్రాంజ్ గుణకాల పద్ధతితో మొదలుపెట్టాను. అవకలనాలు తీసుకుని, సున్నాకు సమానం చేసి, గుణకాన్ని తొలగించి సూత్రానికి వచ్చేసరికి బల్ల నిండిపోయింది, పదకొండు నిమిషాలు గడిచాయి. మాస్టారు అదంతా తుడిచి ఒకే ఒక వరుస రాశారు. తగ్గించవలసిన మొత్తాన్ని, అంటే సగటు అంచనాలోని అనిశ్చితిని, ఖర్చుతో గుణిస్తే వచ్చే లబ్ధం, కోషీ ష్వార్జ్ అసమానత ప్రకారం, ఒక స్థిరసంఖ్య కంటే తగ్గదు. సమానత్వం ఎప్పుడు వస్తుందో చూస్తే పంపకపు సూత్రం దానంతట అదే బయటపడుతుంది. అవకలనం అవసరమే లేదు, పైగా దొరికింది నిజంగా కనిష్ఠమేనా అన్న సందేహానికీ తావు లేదు. ఆ అసమానతను నేను ఏటా రెండుసార్లు తరగతిలో చెబుతాను. ఇక్కడ వాడవచ్చని నాకు తోచనేలేదు.

అప్పుడు మాస్టారు రాసిన వరుసలో ఖర్చు అనే మాట ఉందని ఇప్పుడు గుర్తు చేసుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఒక్కో కుటుంబానికి అయ్యే ఖర్చు వర్గాన్ని బట్టి మారితే, నేమన్ లబ్ధాన్ని ఆ ఖర్చు వర్గమూలంతో భాగించాలి. నేను నా స్లైడ్లలో ఖర్చులన్నీ సమానమనుకున్నాను. మాస్టారి వరుసను కూడా అలాగే కుదించి ఎక్కించుకున్నాను. చరిత్ర స్లైడ్లు నాలుగూ తీసేయమన్నప్పుడు మాత్రం వాదించాను. “రావుగారి పేరు చెప్పి నీ లెక్కకు మార్కులు అడగకు,” అన్నారు. తీసేశాను. ఆ పై వారంలో స్లైడ్లు పదిహేడుకు తగ్గాయి.

ఇంట్లో తెలుగులో ఒకసారి చెప్పి చూసుకోవాలనుకున్నాను. బరంపురంలో ఇంగ్లీషులోనే మాట్లాడాలి, కాలేజీలో సగం ఒడియాలో, సగం ఇంగ్లీషులో నెట్టుకొస్తాను. నాకు అర్థమైందో లేదో తెలిసేది మాత్రం తెలుగులో చెప్పినప్పుడే. వాడుక భాష కోసం వాదించి, సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి గారు పాఠం చెప్పిన ఊరు మాది, కనుక ఇందులో వింతేమీ లేదనుకుంటాను. వినడానికి దొరికినవారు మా అక్క, బావగారు. బావగారు ధాన్యం కొంటారు. బస్తాలో ఇనప గొట్టం గుచ్చి గింజలు తీసి చూడడం ఆయన నిత్యకృత్యం.

తేడాలు ఎక్కువగా ఉన్నచోట ఎక్కువ తీసి చూడాలని నేను చెప్పగానే ఆయన ఒప్పుకుంటారనుకున్నాను. ఒప్పుకోలేదు. “తెలిసిన రైతు బస్తాలకు రెండే పోట్లు. కొత్తవాడి బస్తాలైతే ప్రతిదానికీ పొడుస్తాను. తేడా ఉందా లేదా అని కాదు, మోసం ఉందా అని,” అన్నారు. ఆలోచిస్తే ఆయన మాట సరైనదే. ఆయన వెతుకుతున్నది చెడ్డ బస్తాను, నాకు కావలసింది జిల్లా సగటు. ఉద్దేశం మారితే పంపకం మారుతుంది. నా స్లైడ్లలో ఎక్కడా, మనకు కావలసింది మొత్తం మీద సగటే తప్ప ఏ ఊరికి నీళ్లు అందడం లేదో కనుక్కోవడం కాదు, అన్న వాక్యం లేదు. మొదటి స్లైడులోనే దానిని చేర్చాను. మా అక్కకు మాత్రం నేను చేతులు ఎక్కువ ఊపుతున్నానన్నదే పెద్ద లోపంగా కనిపించింది.

గుణుపురం నుంచి పూరీ వైపు వెళ్లే రైలులో ముందురోజే బయలుదేరాను. ఆ దారి ఒడిశాలో మొదలై, నౌపడ, పలాసల మీదుగా శ్రీకాకుళం జిల్లాలో సాగి, ఇచ్ఛాపురం దాటాక మళ్లీ ఒడిశాలోకి వస్తుంది. ప్రయాణమంతా స్లైడ్ల ప్రతులు ఒళ్లో పెట్టుకుని గొణుక్కుంటూ కూర్చున్నాను. ఎదుట కూర్చున్న ముసలాయన నేను మంత్రం జపిస్తున్నాననుకుని, ఏ దేవుడిదని అడిగాడు.

మొదటిరోజు ప్రసంగాలలో రెండు నా మనసులో ఉండిపోయాయి, రెండు వేర్వేరు కారణాల వల్ల. ఒకటి ఒక ఆప్టిమైజేషన్ పద్ధతి ఎంత వేగంగా జవాబుకు చేరుకుంటుందన్న దాని మీద. పని గొప్పదే అయి ఉంటుంది. అయితే సిద్ధాంతాలు ఒకదాని వెనక ఒకటి తెర మీదికి వచ్చి పోతూ ఉంటే, నలభయ్యో స్లైడు దాటాక నా పక్కనున్న పరిశోధక విద్యార్థి తన ఫోను తీశాడు. నా నలభై ఆరు స్లైడ్లు గుర్తుకొచ్చి, మాస్టారికి మనసులోనే నమస్కరించాను.

రెండోది సామూహిక పరీక్షల మీద. 1943లో రాబర్ట్ డార్ఫ్‌మన్ రాసిన చిన్న పత్రం దానికి ఆధారం. అమెరికా సైన్యంలో చేరేవారి రక్తాన్ని సిఫిలిస్ కోసం ఒక్కొక్కరిదే పరీక్షించే బదులు, కొందరి రక్తాన్ని కలిపి ఒకేసారి పరీక్షించి, జబ్బు ఉన్నట్టు తేలితేనే ఆ గుంపులోని వారిని విడివిడిగా పరీక్షించాలన్నది ఆయన సలహా. గుంపులో ఎంతమంది ఉండాలి? నూటికి ఒకరికి జబ్బు ఉన్నచోట పదకొండు మందిని కలిపితే, మొత్తం పరీక్షలు సుమారు అయిదో వంతుకు తగ్గుతాయి. ఆ వక్త స్లైడ్లు తీయకుండా, ముందు వరుసలో కూర్చున్న పదకొండు మందిని లేచి నిలబడమని, వారిలో ఒకరి చేతిలో రహస్యంగా ఒక చీటీ పెట్టి, ఎన్ని ప్రశ్నలతో దానిని పట్టుకోవచ్చో మమ్మల్నే లెక్కపెట్టమన్నారు. జబ్బు అరుదైనప్పుడు మేలైన గుంపు పరిమాణం సుమారుగా జబ్బు ఉండే సంభావ్యత వర్గమూలానికి విలోమంగా ఉంటుందని చివరలో ఒక్క వాక్యంలో చెప్పి కూర్చున్నారు. ఖర్చును, సమాచారాన్ని తూచిన ప్రతిచోటా ఈ వర్గమూలం ఎందుకు తల ఎత్తుతుందో ఆ రాత్రి వసతిగృహంలో పడుకుని ఆలోచిస్తూ ఉండిపోయాను. మర్నాడు నన్ను పట్టుకోబోయేది కూడా అదేనని అప్పటికి తెలియదు.

నా వంతు రెండో రోజు ఉదయం, టీ విరామానికి ముందు. స్లైడ్లు మార్చే పరికరం పనిచేయలేదు. కంప్యూటర్ దగ్గరున్న కుర్రవాడికి సైగ చేస్తూ నడిపించాను, దానివల్ల నిదానంగా మాట్లాడక తప్పలేదు, అదీ మంచికే అయింది. ఉదాహరణగా నేను చూపించిన అంకెలు పూర్తిగా కల్పితమైనవని ముందే చెప్పాను. పదివేల కుటుంబాలున్న ప్రాంతం. పట్టణంలో 5,000, మైదానపు పల్లెల్లో 4,000, కొండల మీద 1,000. కొలిచేది నీటి కోసం ఒక విడతకు నడిచే నిమిషాలు. క్రమవిచలనాలు వరుసగా 2, 3, 10. మొత్తం 320 కుటుంబాలను అడగగలం.

కుటుంబాల సంఖ్యను బట్టి పంచితే 160, 128, 32 వస్తాయి. నేమన్ సూత్రం ప్రకారం పంచితే 100, 120, 100. అంటే, కుటుంబాలలో పదో వంతు మాత్రమే ఉన్న కొండ ప్రాంతానికి నమూనాలో దాదాపు మూడో వంతు దక్కుతుంది. సగటు అంచనాలో ఉండే అనిశ్చితికి కొలత అయిన వేరియన్స్ మొదటి పద్ధతిలో 0.0488, రెండో పద్ధతిలో 0.0320. మూడో వంతు తగ్గింది. ఈ రెండు అంకెలనూ పెద్ద అక్షరాలలో, ఒకదాని పక్కన ఒకటి పెట్టి, ఒక్క క్షణం ఆగాను. సభలో కొందరు తల ఊపారు. ఆ తర్వాత ముందస్తు సర్వే గురించి, నా సొంత ఫలితం గురించి చెప్పి, ఇరవై నాలుగో నిమిషంలో ముగించాను.

మొదటి ప్రశ్న తేలికైనది. చిన్న వర్గం నుంచి ఎక్కువ కుటుంబాలను తీసినప్పుడు పరిమిత జనాభాకు చేసే సవరణను, అంటే జనాభాలో కొంత భాగాన్ని అడిగేశాం కనుక అనిశ్చితిని ఆ మేరకు తగ్గించడాన్ని, వదిలేశారేమని ఒకరు అడిగారు. ఆ సవరణ ఏ పంపకంలోనైనా వేరియన్స్ నుంచి ఒకే మొత్తాన్ని, ఈ ఉదాహరణలో 0.0016ను తీసివేస్తుంది కనుక, ఏ పంపకం మేలన్న తీర్పు మారదని చెప్పాను. గొంతులో కొంచెం ధీమా కూడా చేరింది.

రెండో ప్రశ్న వెనక వరుస నుంచి వచ్చింది. కటకం నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ గారు, మొదటిరోజంతా ఒక్క మాట కూడా మాట్లాడని ఆవిడ, లేచి నిలబడి చాలా మృదువుగా అడిగారు: “మీ కొండ గ్రామాలకు వెళ్లి ఒక కుటుంబాన్ని అడగడానికీ, పట్టణంలో ఒక కుటుంబాన్ని అడగడానికీ ఒకటే ఖర్చవుతుందా?”

కాదన్నాను. జీపు, దారి చూపేవారు, సవర భాష తెలిసిన మనిషి, ఒక్కోసారి రాత్రి బస. పట్టణంలో, మైదానంలో వంద రూపాయలైతే కొండల మీద నాలుగు వందలు అవుతుందని అనుభవం మీద చెప్పాను.

“అయితే మీరు రెండు పద్ధతులనూ ఒకే సంఖ్యలో కుటుంబాలకు పోల్చారు. ఒకే ఖర్చుకు పోల్చి చూశారా?”

చూడలేదు. సభలో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు కనుక ఆ మాటే చెప్పాను. ఆవిడ కూర్చోలేదు. “నిమిషం పట్టే లెక్కే కదా, బల్ల మీద చేద్దాం,” అన్నారు. నిర్వాహకులు గడియారం చూసుకుని, టీ కొంచెం ఆలస్యమైనా ఫరవాలేదన్నారు. సుద్దముక్క తీసుకున్నాను. చేయి వణికింది.

నా నేమన్ పంపకానికి ఖర్చు: పట్టణంలో వందమందికి పదివేలు, మైదానంలో నూట ఇరవై మందికి పన్నెండువేలు, కొండల మీద వందమందికి నలభైవేలు, మొత్తం 62,000 రూపాయలు. కుటుంబాల సంఖ్యను బట్టి పంచినదానికి 41,600 మాత్రమే. అంటే నేను ఇరవైవేలకు పైగా ఎక్కువ ఖర్చు పెట్టి, దాని వల్ల వచ్చిన లాభాన్ని సూత్రం ఖాతాలో వేశాను. ఆ 62,000ను పాత పద్ధతికే ఇస్తే 238, 190, 48 కుటుంబాలు వస్తాయి. వేరియన్స్ 0.0326. నాది 0.0320.

రెండు అంకెలనూ బల్ల మీద ఒకదాని కింద ఒకటి రాసి చూశాను. అంతకు ముందు పెద్ద అక్షరాలలో చూపిన మూడో వంతు లాభం నూటికి రెండు కూడా కాకుండా పోయింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో.

అప్పుడు నాకు మాస్టారి నల్లబల్ల మీది వరుస కళ్ల ముందు మెదిలింది. ఖర్చు వర్గమూలంతో భాగిస్తే కొండ ప్రాంతపు బరువు సగమవుతుంది, నిష్పత్తి 10, 12, 5 అవుతుంది. నాలుగు రెట్లు ఖరీదైనంత మాత్రాన నాలుగో వంతుకు పడిపోదు, సగానికే తగ్గుతుంది. ఆ నిష్పత్తిలో 62,000 రూపాయలకు సుమారు 148, 177, 74 కుటుంబాలు. రూపాయి కూడా తేడా రాకుండా సర్దితే 145, 175, 75. వేరియన్స్ 0.0285. పాత పద్ధతి కంటే నూటికి దాదాపు పదమూడు మేలు, మూడో వంతేమీ కాదు, అయినా ఇది నిజమైన లాభం. బల్ల దగ్గర నిలబడి ఇది చెప్పేసరికి అయిదు నిమిషాలకు బదులు పన్నెండు నిమిషాలు గడిచాయి. ఆవిడ తల ఊపి కూర్చున్నారు.

టీ దగ్గర ఆవిడే వచ్చి పలకరించారు. నా సొంత ఫలితం గురించి నేను మరిచిపోయిన ఒక మంచి మాట ఆవిడ నోటి నుంచే వచ్చింది. పంపకాన్ని బట్టి వేరియన్స్ మారే వక్రరేఖ కనిష్ఠస్థానం దగ్గర చదునుగా ఉంటుంది. 145, 175, 75కు బదులు పొరపాటున 170, 170, 70 తీసుకున్నా ఖర్చు అదే 62,000, వేరియన్స్ 0.0286. ముందస్తు సర్వేలో క్రమవిచలనాలు కాస్త తప్పినా పెద్దగా నష్టం లేదని నేను రెండేళ్లు కష్టపడి నిరూపించినదానికి అసలు కారణం ఇదే. ఈ మాట నా స్లైడ్లలో ఎక్కడా లేదు. సూత్రాలు మూడు స్లైడ్ల నిండా ఉన్నాయి.

తిరిగి వచ్చాక పది రోజులు ఎవరికీ ఏమీ చెప్పలేదు. తర్వాత పత్రాన్ని మొదటి నుంచీ తిరగరాశాను. పోలికలన్నీ ఖర్చు ఆధారంగా మార్చాను. ఇలా పోల్చాలన్నది కొత్త సంగతి కాదని కూడా అప్పుడే గమనించాను. బెంగాల్‌లో జనపనార పంట మీద తాను నడిపిన సర్వేల గురించి మహలనోబిస్ గారు 1944లో ప్రచురించిన పెద్ద పత్రంలో, నిర్ణీతమైన ఖర్చుకు ఎంత కచ్చితత్వం దొరుకుతుందన్నదే మూలప్రశ్న. నేను ఆయన గురించి ఒక స్లైడు తయారుచేసుకుని, వరద కథ మాత్రం రాసుకుని, నాకు నిజంగా పనికి వచ్చే పత్రాన్ని వదిలేశాను. వేరియన్స్‌కు విలోమాన్ని సమాచారమనుకుంటే, నేను వెతకవలసింది కుటుంబానికి ఎంత సమాచారం అని కాదు, రూపాయికి ఎంత సమాచారం అని. ఇప్పుడు తరగతిలో ఈ పాఠాన్ని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను, బల్ల మీద తప్పు లెక్కను ముందు వేసి చూపిస్తున్నాను. పిల్లలకు ఆ తప్పు పట్టుకోవడానికి పావుగంట పడుతుంది. ఒక్క సంవత్సరం మాత్రం రాయగడ నుంచి వచ్చిన ఒక అమ్మాయి రెండు నిమిషాలలో పట్టుకుంది.

మాస్టారికి జరిగినదంతా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. “నేను ఖర్చు రాశాను కదా, నువ్వు కొట్టేశావు,” అని మాత్రం అన్నారు.

సవరించిన పట్టికను ప్రొఫెసర్ గారికి పంపితే నాలుగు రోజులకు జవాబు వచ్చింది. పట్టిక బాగుందని ఒక వాక్యం, దాని కింద మరో ప్రశ్న. కొండ ఊరికి జీపు ఖర్చు కుటుంబానికి కాదు కదా, ఊరికి కదా? ఒకసారి పైకి వెళ్లాక అయిదు ఇళ్లు అడిగినా ఇరవై ఇళ్లు అడిగినా జీపు బాడుగ అదే. అలాగని ఒకే ఊళ్లో ఇరవై ఇళ్లు అడిగితే, ఆ ఇరవైకీ ఊట ఒకటే కనుక కొత్తగా తెలిసేది తక్కువ. ఎన్ని ఊళ్లు ఎక్కాలి, ఎక్కిన ఊళ్లో ఎన్ని ఇళ్లు అడగాలి అన్నది ఇప్పుడు నా ముందున్న లెక్క. దీనికి బాడుగలు, నడక దూరాలు నిజమైనవి కావాలి. పోయిన నెల నుంచి సెలవు రోజుల్లో గుమ్మ వైపు వెళ్లే బస్సు ఎక్కుతున్నాను. చేతిలో ఒక నోటు పుస్తకం ఉంటుంది. ఎడమ పేజీలో ఊరి పేరు, బస్సు దిగిన చోటు నుంచి నడిచిన నిమిషాలు రాస్తున్నాను. కుడి పేజీలో ఆ పూట అయిన ఖర్చు, టీతో సహా.